తెల్లదారం సీసాలు

మా ఆస్పత్రిలో తల్లిపాల బ్యాంకు అని ఒక గది ఉంది. ఎవరైనా తల్లి తన బిడ్డ తాగగా మిగిలిన పాలు తెచ్చి ఇస్తే, వాటిని పరీక్ష చేసి, వేడి చేసి, చల్లార్చి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పంపుతాం. పదకొండేళ్లుగా ఆ గది నా చేతిలో ఉంది. నా గురించి అక్కడ రెండు మాటలు చెప్పుకుంటారు. ఒకటి, నోరు పెద్దది. రెండు, పనిలో వేలెత్తి చూపించడానికి ఉండదు. మొదటిది నిజమే. రెండోదాని సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

పాలిచ్చే ప్రతి తల్లినీ ఎదురుగా కూర్చోబెట్టి ముప్ఫై రెండు ప్రశ్నలు అడగాలి. ఏ జబ్బులున్నాయి, ఏ మందులు వాడుతున్నావు, సిగరెట్టు, మద్యం, గంజాయి. ప్రతి జవాబూ తల్లి నోటి నుంచే రావాలి. కొత్తగా పనిలో చేరినవాళ్లు ఒక్క ప్రశ్న దాటేసినా నేను దుమ్ము దులిపేసేదాన్ని. అలాంటిదాన్ని మా అన్నయ్య కూతురి ఫారం మాత్రం టీ తాగుతూ నేనే నింపేశాను. నా ఒళ్లో పెరిగిన పిల్ల, దాన్ని కూర్చోబెట్టి ఇవన్నీ అడగడమేమిటి అనుకున్నాను. ముప్ఫై రెండు చోట్లా లేదు, లేదు అని రాసేసి సంతకం ఒక్కటి పెట్టించుకున్నాను. గంజాయి దగ్గరికి వచ్చేసరికి నవ్వు కూడా వచ్చింది.

మా మేనకోడలు బట్టలు కుడుతుంది. అరంగుళం తేడా వచ్చినా మొత్తం విప్పి మళ్లీ కుట్టే రకం. కూతురు చిట్టికి మూడో నెల. పాలు పుష్కలంగా ఉన్నాయని నేనే ప్రోత్సహించి బ్యాంకుకు తెప్పించడం మొదలుపెట్టాను. రెండు వారాలుగా తెస్తోంది. ప్రతి సీసా మెడకూ తెల్లదారం కట్టి, చిన్న ముడి వేసి ఉండేది. సీసాలకు కూడా కుట్టుపనేనా అని నేను ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేది. అత్తకు అన్నీ తెలుసు కాబట్టే ఏమీ అడగడం లేదని అది అనుకుందని తర్వాత తెలిసింది.

ఆ రోజు మధ్యాహ్నం రెండు దాటాక చిట్టిని చంకనేసుకుని వచ్చింది. సంచిలోంచి సీసాలు తీస్తుంటే ఒకదానికి నల్లదారం కనబడింది. అది చూసి నా మేనకోడలు నాలుక కరుచుకుని, ఆ సీసా పక్కకు లాగేసింది.

"ఇది పొరపాటున వచ్చింది అత్తా. దీన్ని వాడకండి, పారబోసేదే."

నల్లదానికీ తెల్లదానికీ తేడా ఏమిటని అడిగాను. అది బట్ట కొలతలు చెప్పినంత మామూలుగా చెప్పింది. కాన్పయినప్పటి నుంచి నడుం పట్టేస్తోందట. కుట్టుమిషను ముందు పది నిమిషాలు కూర్చోలేకపోతోందట. పక్క మిషనామె పొట్లం ఇస్తే సాయంత్రాలు బాల్కనీలో కొద్దిగా గంజాయి పీలుస్తోందట. పీల్చాక స్నానం చేసి, బట్టలు మార్చుకుని, నోరు పుక్కిలించి గానీ పిల్లను ముట్టుకోదు. తర్వాత మూడు గంటల్లో పిండిన పాలకు నల్లదారం కట్టి పారబోస్తుంది. మూడు దాటితే నీలం, అవి చిట్టికి. మర్నాడు పొద్దున పిండినవి తెల్లదారం, అన్నిటికన్నా శుభ్రమైనవి, అవి మా బ్యాంకుకి.

తన పిల్లకు పట్టేవాటికన్నా మంచి పాలు ఎవరో తెలియని పిల్లలకు పంపుతోందన్నమాట.

నొప్పికి మాత్రలు వేసుకోవచ్చు కదా అన్నాను. మాత్రల పెట్టెలో ఒక కాగితం ఉంటుందట, పాలిచ్చే తల్లులు జాగ్రత్త అని రాసి ఉంటుందట, అది చదివి భయపడి పెట్టె మూసేసిందట. గంజాయి పొట్లంలో ఏ కాగితమూ లేదు. పైగా ఆకు, మందు కాదు. ఫోనులో తల్లుల గుంపులో అడిగితే ఒకామె రెండు గంటలంది, ఇంకొకామె మూడంది, మరొకామె తన పిల్లాడు బంగారంలా ఉన్నాడంది. అందుకని మూడు గంటలు పాటించింది. చిట్టికి నిద్ర పట్టదేమోనని కాఫీ మాత్రం పూర్తిగా మానేసింది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎందుకంటే మా గది గోడకు వేలాడే కాగితంలో రాసి ఉన్నది నాకు తెలుసు. గంజాయిలో మత్తెక్కించే సరుకు కొవ్వును పట్టుకుని ఉంటుంది. తల్లిపాలలో కొవ్వుంటుంది. మద్యంలా గంటల్లో దిగిపోదు, రోజుల తరబడి, కొందరిలో వారాల తరబడి పాలలో కనబడుతుంది. మా యంత్రంలో వేడి చేస్తే క్రిములు చస్తాయి గానీ అది పోదు. అంటే తెలుపు, నీలం, నలుపు మూడూ ఒకటే.

ఆ మాట చెప్పాను. నా మేనకోడలు సీసాల వంక చూసింది, చిట్టి వంక చూసింది.

నా తల అప్పుడు ఇంకోవైపు తిరిగింది. పరీక్షలు, వేడి చేయడం అన్నీ ముగిసి, దాని మొదటి విడత పాలు, ఆరు సీసాలు, ట్రేలో నా వెనకే ఉన్నాయి. మూడింటికి పై అంతస్తుకు వెళ్లాలి. అక్కడ తొమ్మిది వందల గ్రాముల పాప ఉంది. వాళ్లమ్మకు ఇంకా పాలు పడలేదు. గడియారంలో రెండున్నర.

ఆపడం తేలికే. ఆరు సీసాలకూ మూత సరిగ్గా బిగియలేదని పుస్తకంలో ఒక వాక్యం రాసి, పాలు పారబోసి, పాపకు వేరే తల్లి పాలు పంపితే సరి. నా ఫారం సంగతి బయటపడదు, నా మేనకోడలి సంగతీ బయటపడదు. పదకొండేళ్ల పరువు పదిలం. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, నా చెయ్యి కలం దాకా వెళ్లింది. అలా రాసేస్తాను, నువ్వు ఇంటికి వెళ్లిపో అన్నాను దానితో.

అది కదల్లేదు. డాక్టరుకు చెబితే చిట్టిని తన దగ్గరనుంచి తీసుకుపోతారా అని అడిగింది. తెలియదన్నాను. నిజంగానే నాకు తెలియదు. అది పిల్ల తల నిమురుతూ అంది.

"అబద్ధం చెబితే మరి నా పిల్ల సంగతి ఎవర్ని అడగను అత్తా?"

ఇరవై ఆరేళ్లది. నడుం నొప్పితో సరిగ్గా నిలబడలేకపోతోంది. బిడ్డ చేజారుతుందేమోనని పైప్రాణాలు పైనే పోతున్నాయి. అయినా ఆ మాట అనగలిగింది. యాభై మూడేళ్ల నా బుర్రకు ఆ ఆలోచన తట్టలేదు. దాన్ని చూసి నాకు భక్తిలాంటిది కలిగింది. ఆ మాట కన్నా సరైన మాట నాకు దొరకడం లేదు.

ట్రేను పక్కన పెట్టి, వాడొద్దని ఎర్ర చీటీ అంటించాను. పాపకు వేరే సీసాలు పంపాను. తర్వాత పిల్లల డాక్టరమ్మ గదికి ముగ్గురం వెళ్లాం. ముందు నేను చెప్పాను. ఫారం నేను నింపానని, ఒక్క ప్రశ్నా అడగలేదని. ఆవిడ నన్ను తిట్టలేదు. ఆ రోజు నుంచే ప్రశ్నలు అడిగే పని నాకు వద్దని, విచారణ ఉంటుందని మాత్రం చెప్పింది. అది నాకు తగిన శిక్షే.

తర్వాత నా మేనకోడలు అంతా చెప్పింది. రంగులు, గంటలు, బాల్కనీ, ఏదీ దాచలేదు. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని, చిట్టి కళ్లూ మెడా చేతుల బిగువూ చూసి, బరువు తూచి, పిల్ల బాగానే పెరుగుతోందంది. నిజం చెప్పావు కాబట్టి నీకు సాయం చేయడమే నా పని, పిల్లను లాక్కోవడం కాదు అంది. మా మేనకోడలు మాత్రం ఒక్కదానికే పట్టుబట్టింది.

"దీనికి ఏమైనా అవుతుందా?"

"తెలీదమ్మా. మెదడు ఎదిగే వయసు కాబట్టి భయపడాల్సిందే అంటారు. ఎంత భయపడాలో చెప్పగలిగేంత ఎవరికీ ఇంకా తెలీదు. అందుకే అది మానెయ్. పాలు మాత్రం మానొద్దు. నడుం సంగతి నేను చూస్తా, ఈ వయసు పిల్లకి పాలిచ్చే తల్లులు వేసుకోగలిగే మాత్రలున్నాయి."

పెద్ద చదువు చదివినావిడ తెలీదు అని అంత తేటగా చెప్పడం నేనెప్పుడూ వినలేదు. మేం ఇద్దరం ఎంత గట్టిగా తెలుసనుకున్నామో తలుచుకుంటే సిగ్గేసింది. అది మూడు గంటలు ఆగితే చాలని నమ్మింది. నేను మా పిల్ల అలాంటిది కాదని నమ్మాను.

అంతలో చిట్టి ఆకలికి ఏడుపు లంకించుకుంది. నా మేనకోడలి చెయ్యి అలవాటుగా జాకెట్టు హుక్కు దగ్గరికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. డాక్టరమ్మ వంక చూసింది. నా వంక చూసింది. చెప్పడానికి నాకేం తెలుసు? పిల్ల ఏడుపుతో గది నిండిపోయింది. పొట్లం మళ్లీ ముట్టనని అది ఎవరికీ ఒట్టు వేయలేదు. కళ్లు తుడుచుకుని, కూతురి తలను అరచేత్తో ఎత్తి, భయపడుతూనే రొమ్ముకు చేర్చుకుంది.

ఏడుపు ఆగింది. పదకొండేళ్లలో ఎన్ని వేల సీసాలు తూచానో, ఎన్ని లీటర్లు రాశానో నాకే లెక్కలేదు. అప్పటిదాకా పాలు అంటే నాకు మిల్లీలీటర్లే. ఆ పిల్ల గుటక వేసే చప్పుడు వింటూ నేను తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అది తాగడం అయ్యేదాకా మళ్లీ కూర్చోలేకపోయాను.