మూడుసార్లు తప్పితే

కొత్తకోట హైవే పక్కన లారీ మెకానిక్ షెడ్డు మీద ఒక్క గది. అదే వలస కూలీల సంఘం ఆఫీసు. అందులో ఒక పాత కంప్యూటర్. దానికి లినక్స్ ఎక్కించి సర్వర్ చేసింది గీత, వనపర్తిల కంప్యూటర్ నేర్చుకున్న మనిషి. ఆమె మొగుడు బాలరాజు, మరిది డేవిడ్ ఎక్కడో కొండల నడుమ సొరంగం పనికి పోయిండ్రు. అది 2008.

సైటు కాడ ఫోను పలకదు. ఆదివారం టౌనుకు తోల్కపోయే మేస్త్రి, ఎస్టీడీ బూతుల పక్కనే నిలబడి వింటడు. నెట్ షాపుల మాత్రం సినిమా పాటలు సూస్తుండ్రనుకొని బయట బీడీ తాగుకుంట కూసుంటడు. అందుకే నెట్ షాపు నుంచి రాసేటట్టు, ఆఫీసు కంప్యూటర్ల గుంపుకంతటికీ బాలరాజు పేరు మీద ఒక్క ఖాతా తెరిసింది గీత. సైటు మీద జరిగే అన్యాయం ఎవరు రాసినా ఆ పేరుతోనే. పాస్‌వర్డ్ కాగితం మీద పెట్టరు, మేస్త్రి మూటలు దులిపి సూస్తడు. అది మారినప్పుడల్లా ఇంటికొచ్చి మళ్ల పనికి పోయే మనిషి నోట పంపుడే.

ఆ ఎండాకాలం గుత్తేదారు మనుషులు పాస్‌వర్డ్ కనుక్కొని లోపలికి జొర్రిండ్రు. కూలీల ఫిర్యాదులన్నీ తుడిచేసిండ్రు. సంఘం నాయకుడు చంద్రశేఖర్ కుర్చీ తన్నిండు.

"పాస్‌వర్డ్‌కు జమ్ములమ్మ తల్లి పేరు పెడితె, ఆమె జాతరకు గద్వాల బస్సెక్కినోడు ఎవడైనా కనుక్కుంటడు. నీ మిషన్‌కు కాపలా కుక్క లేదా గీతా?"

"ఉందన్నా. మూడుసార్లు తప్పు కొడితె, కొట్టిన కాడి నెట్ అడ్రస్‌ను పది నిమిషాలు బైట నిలబెడతది."

"పది నిమిషాలా? వాడు చాయ్ తాగొచ్చి మళ్ల కూసుంటడు. ఎప్పటికీ మూసెయ్."

"మనోళ్లు తప్పు కొట్టినా మూస్తదన్నా."

"మనోళ్లకు కొత్తది చెప్పి పంపుతం గదా. ఇంటికొచ్చిన సాయన్న రేపు మళ్ల సైటుకు పోతనే ఉన్నడు."

గీత సెట్టింగుల ఫైలు తెరిసింది. ఆరు వందల సెకన్లని ఉన్న కాడ మైనస్ ఒకటి పెట్టింది. అంటే ఇంక ఎన్నడూ తెరవొద్దని. కొత్త పాస్‌వర్డ్ సాయన్నతోని మళ్ల మళ్ల అనిపిచ్చింది.

"బడిల ఎక్కాలు గిట్ల చెప్పిచ్చుంటె నేను పట్వారినయితుంటి చెల్లె," అని నవ్విండు సాయన్న.

తొవ్వల సాయన్న రాయచూర్‌ల అక్క ఇంటికాడ దిగిండు. మలేరియా పట్టి దవాఖానల పడ్డడు. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెల్వదు.

ఆదివారం సాయంత్రం మిషన్ కబురు చెప్పింది, ఒక అడ్రస్‌ను మూసేసిన అని.

"దొంగ దొరికిండన్నా," అన్నది గీత. చంద్రశేఖర్ కింది నుంచి చాయ్ తెప్పిచ్చిండు.

ఆ వారంలనే బాలరాజు శవం వచ్చింది. సొరంగం కప్పు కూలిందన్నరు.

సమాధి చేసి, మూడో దినం ప్రార్థన అయినంక డేవిడ్ ఆఫీసు మెట్లెక్కిండు. శవం పక్కన కూసొని వచ్చింది ఆయననే.

"వదినా, ఒక్కటి అడుగుత, కోపం జేసుకోకు. ఆ ఆదివారం అన్న నీకు రాయబోయిండు. కప్పు నుంచి రాళ్లు రాలుతున్నయి, ఆఫీసర్‌ను తోల్కరాండ్రి అని. లోపలికి పోనియ్యలే. ఎందుకు?"

"ఏం కొట్టిండు?"

"జమ్ములమ్మే. మూడుసార్లు కొట్టిండు. ఇంక పేజీయే రాలే. పక్క మిషన్ల నేను కూసున్న, రాలే. షాపంత తిరిగినం."

షాపంతటికీ బయటికి కనపడేది ఒక్కటే అడ్రస్. గీత కుర్చీ చెయ్యి పట్టుకున్నది.

"మేం తెల్లారి సొరంగంలకు దిగం అన్నం. అన్ననే నచ్చజెప్పిండు. మనం తలుపు కొట్టింది గీతకు కనపడ్తది, ఆమె సూస్తది, ఏదో ఒకటి జేస్తది, అప్పటిదాక కొట్లాట వద్దు అన్నడు."

గీతకు కనపడ్డది. కనపడితె చాయ్ తాగిండ్రు.

బాలరాజును చంపింది గుత్తేదారు. రాలే కప్పు కిందికి మనుషులను తోలినోడు వాడు. చంద్రశేఖర్ ఈ మాట గీతకు చాలాసార్లు చెప్పిండు. చెప్పినప్పుడల్లా కిటికీల నుంచి లారీలను సూస్కుంటనే చెప్పిండు.

గీత ఫైలు తెరిసి మైనస్ ఒకటి తీసేసింది, ఆరు వందలు పెట్టింది. మూసిన అడ్రస్‌ను విడిపిచ్చింది.

"ఇప్పుడు తెరిసి ఏం లాభం వదినా?"

"మిగిలినోళ్లు అక్కడనే ఉన్నరు గదా."

సాయన్న జరం తగ్గి సైటుకు పోయిండని అప్పటికి కబురొచ్చింది. మళ్ల ఆదివారం గీత మిషన్ ముందటి నుంచి లేవలే. పొద్దు వాలినంక తెర మీద ఒక వరుస పడ్డది, బాలరాజు లోపలికి వచ్చిండని. ఖాతా పేరు మార్చాలని ఎవరికీ తట్టలే.

ఆమె ఆ పేరు మీద వేలు పెట్టి అట్లనే కూసున్నది. అక్షరాలు ఒక్కొక్కటే దిగినయి. చెల్లె, నేను సాయన్నను. రాళ్లు ఇంకా రాలుతున్నయి. మేం దిగుతలేం. జల్ది రాండ్రి.

గీత మెట్ల కాడికొచ్చి కింద ఉన్న చంద్రశేఖర్‌ను పిలిచింది.

"అన్నా, ఆఫీసర్‌ను లేపు. బండి మాట్లాడు."

లోపలికొచ్చి సూస్తె బాలరాజు పేరు ఇంకా ఉంది. అక్కడ షాపుల సాయన్న లేసిపోయినంక అది కూడా పోయింది.