ఎంతవరకొచ్చింది?

"అనూరాధా, కూర ఎంతవరకొచ్చిందే?" హాల్లోంచి మా అత్తగారు కూర్మమ్మ కేక.

"అయిపోవచ్చిందత్తా!" అన్నాను. వంకాయలింకా కోయనే లేదు. ఎనిమిదేళ్లుగా ఈ ఇంట్లో రోజూ చెప్తున్న అబద్ధమిది. నిజం చెబితే "పొద్దున్నించీ ఏటి సేస్తన్నావు మరి?" అన్న మాట పడాలి.

పొద్దున్నించీ నేను చేస్తున్నది ప్రోగ్రామింగ్. గరివిడిలో ఈ పడగ్గది మూల బల్ల మీదే, విజయనగరంలోని ఒక చిన్న కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తాను. ఫ్యాక్టరీ ఆఫీసుల్లోని కంప్యూటర్లలోకి మెషీన్ల డ్రాయింగులు దింపే ప్రోగ్రాం మాది. పెద్ద ఫైలు దిగుతున్నంతసేపూ తెర బిగుసుకుపోయేది. పాడైందనుకుని వాళ్లు మూసేసేవారు. మళ్లీ మొదటికే. అందుకని, ఎంత దిగిందో చూపించే ఆకుపచ్చ గీత పెట్టమన్నారు.

మా మేనేజరు జగన్నాధం గారు దగ్గరి దారి చెప్పారు. "టైమర్ పెట్టీమ్మా. గీత దానంతటది తొంభై దాకా ఎల్లి ఆగుతాది. ఫైలు రాగానే వంద సేసీడమే. ఎవుడు సూస్తాడు?"

నాకు ఒళ్లు మండింది. ఆ దొంగ గీత నాకు కొత్తా? రోజూ నోటితో గీస్తున్నదే కదా! కుదరదన్నాను. సోమవారంలోగా అవ్వకపోతే తన టైమరే పెడతానన్నారు. మూడు రోజులు కూర్చున్నాను. ఫైలు దింపే పనిని తెర వెనక విడిగా నడిపించి, ముక్క వచ్చినప్పుడల్లా, వచ్చినంత మేరకే గీత కదిలేలా రాశాను. గడువులోగానే అది ఫ్యాక్టరీకి చేరింది. మా ఆయన ఆనంద్‌కుమార్ తొంగిచూసి నవ్వాడు. "ఒక్క గీతకి మూడ్రోజులా? మా అమ్మ తెల్లారీసరికి వాకిట్లో ఇరవై గీస్తాది." ఆ ముగ్గు గీతలు ఇరవై చెప్పులతో తొక్కుకుంటూనే ఆయన రోజూ డ్యూటీకి వెళ్తాడు.

ఇందాక ఫ్యాక్టరీ స్టోర్స్ నుంచి అప్పలసూరి గారు ఫోన్ చేశారు. "మేడమ్, నెట్ నెమ్మదించి గీత నలభై మూడు కాడ నిలబడిపోనాది. అయినా ఎంతొచ్చిందో తెలుస్తంది గదా, ముయ్యలేదు. మళ్లీ కదిలి మొత్తం దిగిపోనాది!"

నలభై మూడు! దొంగ గీత ఏనాడూ నలభై మూడు దగ్గర ఆగదు. అది నేను రాసిన గీత. గర్వంతో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇంతలో మళ్లీ అదే కేక.

"ఎంతవరకొచ్చిందే?"

ఈసారి హాల్లోకే వెళ్లాను. రెండో షిఫ్టు కావడంతో మా ఆయన పేపరు చదువుకుంటున్నాడు.

"కూర సున్నా కాడే ఉన్నాదత్తా. ఇయాల్టి నా ఆఫీసు పని సగమయింది, ఆపను."

వంకాయలూ కత్తిపీటా ఆయన ముందు పెట్టి, వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను.