వెన్నకు బదులు పోసినది

నేను ఒక కేకు గిన్నెను. సొట్టలు పడ్డ సత్తు గిన్నెలను కరిగించి నన్ను పోతపోశారు. మొదట బాపట్లలో ఒక బేకరీలో ఉండేదాన్ని. అది మూతపడ్డాక సలోమి ఇంటికి చేరాను. ఆమె ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. అత్తగారు దీనమ్మ సాయం చేస్తుంది.

మనుషులకు ఒక నమ్మకం ఉంది. ఒకటి నిండుకుంటే దాని చోట ఇంకొకటి ఒదిగిపోతుందని. గుడ్డుకు బదులు పెరుగు, పంచదారకు బదులు బెల్లం. చాలాసార్లు ఒదుగుతుంది కూడా.

ఆ రోజు వైదేహి గారి అమ్మాయి మృదుల పుట్టినరోజు. సలోమి వేరే కేకు ఇచ్చి రావడానికి బయల్దేరుతూ, "అత్తయ్యా, ఆ పాపకి పడవంట. శనక్కాయ పప్పులు మాత్రం ఎయ్యమాకండి" అంది.

దీనమ్మ వెయ్యలేదు. కానీ వెన్న డబ్బా తెరిస్తే అడుగున కాస్త పూత తప్ప ఏమీ లేదు. పక్కనే గానుగాడించిన వేరుశనగ నూనె కనిపించింది. వద్దన్నది పప్పులనే కదా అనుకుని, అదే పోసింది. కేకు ఎప్పటికన్నా మెత్తగా పొంగింది. వేడి మీద తీస్తే విరుగుతుందని నాతో సహా వైదేహి గారింటికి పట్టుకెళ్ళింది.

పిల్లలు నా చుట్టూ మూగారు. కేకు కోశారు. వైదేహి పక్కింటావిడతో అంటోంది: "పోయినేడు పాప శనక్కాయ నూనెలో ఏయించిన బజ్జీ కొరికిందండీ. అంతే, గొంతు మూసుకుపోయింది."

దీనమ్మ చెయ్యి నా అంచు మీదే ఆగిపోయింది. చెబితే కోడలి దగ్గర ఇక ఎవరు కేకు కొంటారు? ఆ ఆలోచన ఒక్క గుటక సేపే. అప్పటికే మృదుల చిన్న ముక్క నోట్లో పెట్టుకుంది.

"ఉమ్మెయ్యమ్మా!" దీనమ్మ అరిచింది. "వెన్న లేదని శనక్కాయ నూనె పోశానమ్మా. నేనే పోశా."

పాప ఉమ్మేసింది. కానీ పెదవులు ఉబ్బడం మొదలైంది. తర్వాత దగ్గు. ఆపైన ఊపిరి ఈలలాగా. వైదేహి పాపను ఎత్తుకుని పరిగెత్తింది. దీనమ్మ చెప్పులు వదిలేసి వెనకే ఆటో ఎక్కింది.

ఇల్లు ఖాళీ అయింది. బల్ల మీద నేను, నాలో కోసిన కేకు. దాన్ని బయటికి నెట్టెయ్యడానికి నాకు చేతులు లేవు. చీమలు వచ్చాయి. తలుపు చప్పుడైనప్పుడల్లా ఏ ఏడుపు వినాల్సి వస్తుందోనని భయపడ్డాను. ఎవరూ రాలేదు.

చివరికి దీనమ్మ వచ్చింది, ఉత్త కాళ్ళతో. గడప మీద కూలబడింది. ఆసుపత్రి నుంచి వెనకే వచ్చిన సలోమి ఆమె భుజం పట్టుకుంది. "గండం గడిచిందత్తయ్యా. ఏం పోశారో ఎంటనే తెలీబట్టే మందు తొందరగా ఇచ్చామన్నాడు డాక్టరు."

వైదేహి మళ్ళీ మా ఇంటి కేకు కొనలేదు. ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు. ఇంకొందరూ రావడం మానేశారు. సలోమి పని మానలేదు, అత్తను పని మాన్పించనూ లేదు.

ఇప్పుడు దీనమ్మ నాలో ఏది వేసినా పైకి చెప్పి వేస్తుంది. "మైదా ఏస్తన్నా, సలోమీ. వెన్న ఏస్తన్నా. వెన్నే." ఇంట్లో సలోమి లేనప్పుడు కూడా అలాగే చెబుతుంది. చెప్పి, డబ్బా మళ్ళీ వాసన చూస్తుంది.