ఆరో మూత

"ఆ బొమ్మ మీద దుమ్ము దులిపావా? పదింటికి వెల కట్టే మనిషి వస్తారు" అన్నాడు మా ఆయన, పేపర్లోంచి తలెత్తకుండానే. దులిపేది నేనైనప్పుడు అది బొమ్మ. వెల కట్టించేది ఆయనైనప్పుడు మాత్రం మామగారి జలాంతర్గామి. "ఇంకో మాట. వచ్చినాయన ముందు నీ గుండీల కథ ఎత్తకు. మీ నాన్నగారు చేశారు, అంతే. పీటకున్న రేకు మీద ఆయన పేరు ఉండనే ఉంది" అని కూడా అన్నాడు. నేను బ్రష్షు తెచ్చి మూతల చుట్టూ దుమ్ము దులుపుతూ కూర్చున్నాను.

రెండు మూరల పొడవుంటుంది. నల్లటి రంగు, నడుమ చిన్న గోపురం, దారంతో కట్టిన సన్నటి రెయిలింగు, వీపు మీద వరుసగా ఆరు గుండ్రటి మూతలు. నాన్న పోయాక ఇల్లు అన్నయ్యకు వెళ్ళింది, ఇంటి వెనకాల స్థలమూ అన్నయ్యకే వెళ్ళింది. "చిన్నప్పట్నించీ మీకు అదంటే ప్రాణం కదా" అంటూ వదిన దీన్ని, దీని మీద అమ్మ తను పోయేదాకా కప్పి ఉంచిన పాతగుడ్డతో సహా నా చేతుల్లో పెట్టింది. ఆ చోట్లో టీవీ పెట్టుకోవాలట. పోయిన నెల మా ఆయన స్నేహితుడొకడు షోకేసు ముందు ఆగిపోయి, ఓడల కర్మాగారాల్లో తయారైన ఇలాంటి నమూనాలకు కారు కొనేంత ధర పలుకుతుందన్నాడు. అంతే. నాలుగు నెలలుగా ఫోనైనా చేయని అన్నయ్య మరుసటి ఆదివారమే పళ్ళ సంచితో దిగాడు. "అది మన నాన్న చెమట, చెల్లీ" అని కళ్ళు తుడుచుకున్నాడు. బావా బావమరిదీ నా వంట తింటూ చెరి సగమని తేల్చేసుకున్నారు. ఆ భోజనంలో నాతో అన్నది ఒక్కటే, కూరలో ఉప్పు తగ్గిందని.

నాన్న చెమటట! ఎంత చెమటో నాకు తెలియదా? నాన్న ఓడల కర్మాగారంలో డ్రాయింగులు గీసేవాడు. ముందు హాల్లో పెట్టడానికి నమూనా ఎవరు చేస్తారని పై అధికారి అడిగితే, నేనున్నానని చెయ్యెత్తి వచ్చాడు. కాగితం మీద గీత గీయమంటే ఆయనంతటివాడు లేడు, కాదనను. చెక్కదిమ్మ ఇంటికొచ్చిన రెండో రోజే రంపంతో వేలు కోసుకుని, కట్టు కట్టించుకుని కుర్చీలో కూలబడ్డాడు. "నువ్వు కాస్త నున్నగా చెయ్యి, మిగతాది నేను చూస్తాను" అన్నాడు అమ్మతో. ఆ మిగతాది చూడడానికి ఆయనకు తీరిక దొరకలేదు. ఎనిమిది నెలలు మధ్యాహ్నం అంట్లు తోమి, చెయ్యి తుడుచుకుని, అమ్మ నేల మీద కూర్చుని ఆ చెక్కను చెక్కింది, గరుకు కాగితంతో రుద్దింది, రంగు వేసింది. రెయిలింగుకు తన కుట్టు డబ్బాలో దారం తీసి కాజా కుట్టు వేసింది. మూతల దగ్గరికొచ్చేసరికి ఆరు గుండ్రటివి కావాల్సొచ్చాయి. డబ్బులడిగితే "ఆఫీసు వాళ్ళిస్తారు ఆగు" అన్నాడు నాన్న. వాళ్ళూ ఇవ్వలేదు, ఆయనా ఇవ్వలేదు.

అప్పుడు అమ్మ తన చేత్తో కుట్టిన నా నీలం గౌను వీపు మీది టిచ్ బటన్లు విప్పింది. విప్పుతూ ఏడ్చింది, ఆ సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడాదంతా నేను బడికి వీపున పిన్నీసులతో వెళ్ళాను. వెనక బెంచీ పిల్లలు వాటిని లాగి పారిపోయేవాళ్ళు. గౌనుకు ఉన్నవి ఐదే బటన్లు. ఆరోది అమ్మ తన జాకెట్టుది పీక్కుంది.

అధికారులు చూడడానికొచ్చిన రోజు నాన్న ముందు గదిలో నిలబడి చేతులు తిప్పుతూ వివరించాడు. అమ్మ వంటింట్లో టీ పోసింది, పైట కింద పిన్నీసు పెట్టుకుని. "ఎంత ఓపికండీ మీకు!" అని వాళ్ళంటే నాన్న నవ్వి, "మా ఆవిడ కూడా రోజూ దుమ్ము దులుపుతుందండోయ్" అన్నాడు. గుమ్మం పక్కన ట్రే పట్టుకున్న అమ్మ ముఖం నేను చూశాను. ఆ ముఖం నన్ను ఇన్నేళ్ళూ వదల్లేదు. పదవీ విరమణ రోజున కర్మాగారం వాళ్ళు నమూనాను నాన్నకే తిరిగిచ్చేశారు, పీటకు ఇత్తడి రేకు కొట్టి, దాని మీద ఆయన పేరు చెక్కించి.

పెళ్ళైన కొత్తలో ఇదంతా మా ఆయనకు చెప్పాను. "టిచ్ బటన్ల సబ్‌మెరైనా! మునిగితే మీ అమ్మగారే పైకి లాగాలి" అని పగలబడి నవ్వాడు. మళ్ళీ చెప్పలేదు. నోరు మూసుకోవడం నాకేం కొత్త కాదు. మా ఆఫీసులో నెలవారీ నివేదిక పదకొండేళ్ళుగా రాస్తున్నది నేను, సంతకం మా సెక్షన్ పెద్దాయనది. పోయిన వారం ఆ నివేదికలకే ఆయనకు ప్రశంసాపత్రం ఇచ్చారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను, సిగ్గులేకుండా.

సరిగ్గా పదింటికి బెల్లు మోగింది. యాభై ఏళ్ళావిడ, చేతిలో చిన్న పెట్టె. మా ఆయన ఆవిడ భుజం మీంచి మెట్ల వైపు చూసి, "సార్ రాలేదామ్మా?" అన్నాడు.

"సార్ ఎవరూ లేరండీ. వెల కట్టేది నేనే" అని లోపలికొచ్చేసిందావిడ. మా ఆయన గతుక్కుమని, ఆ గతుక్కు పోగొట్టుకోవడానికి నా వైపు తిరిగి "టీ!" అన్నాడు.

నేను టీ తెచ్చేసరికి ఆవిడ చేతికి తొడుగులేసుకుని, భూతద్దం కంటికి పెట్టుకుని మూతలు చూస్తోంది. మా ఆయనా, పొద్దున్నే వచ్చి కూర్చున్న అన్నయ్యా చెరో పక్కా నిలబడ్డారు. "ఐదు మూతలు ఒక కొలత. ఆరోది పెద్దది. ఎందుకలా?" అని అడిగింది.

మా ఆయన అన్నయ్య వైపు చూశాడు. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "అది కెప్టెన్‌దండీ. హోదా ఉంటుంది కదా, అందుకని నాన్న పెద్దది పెట్టారు."

కెప్టెన్‌దట! నాకు నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే ఒళ్ళంతా భగ్గుమంది. మా అమ్మ జాకెట్టు గుండీకి హోదా వచ్చింది, మా అమ్మకు రాలేదు.

"అది మా అమ్మ జాకెట్టుదండీ" అన్నాను. "మిగతా ఐదూ నా గౌనువి. ఈ నమూనా చేసింది మా అమ్మ."

"నువ్వు లోపలికెళ్ళు" అన్నాడు మా ఆయన పళ్ళు బిగించి. అన్నయ్య ఆవిడ వైపు తిరిగి ఇకిలించాడు. "చిన్నప్పటి సంగతులండీ, ఏదో కలగాపులగంగా గుర్తుంటాయి దానికి."

ఆవిడ నాకేమీ వత్తాసు పలకలేదు. "ముందే చెబుతున్నాను. కర్మాగారంలో ఉద్యోగి చేసినదైతే ఒక ధర. ఇంట్లో చేసినదైతే అందులో పదో వంతు రావచ్చు. పైగా నేను మాటలు విని రాయను, చూసి రాస్తాను. చూపించగలరా?" అంది.

షోకేసు కింది సొరుగు లాగాను. వదిన పారేయకుండా నాకు చుట్టబెట్టిచ్చిన ఆ పాతగుడ్డ తీశాను. వెలిసిపోయిన నీలం గౌను. దాన్ని జలాంతర్గామి మీద ఎప్పటిలాగే పరిచాను. వీపు చీలికకు ఒక అంచున ఐదు చోట్ల తెగిన దారప్పోగులు. రెండో అంచున ఆ ఐదు బటన్ల జత సగాలు, ఇంకా అలాగే కుట్టి ఉన్నాయి. ఆవిడ వంగి, మొదటి బటన్ను మొదటి మూత మీద ఆనించి, నా వైపు చూసి, మెల్లగా నొక్కింది. టిక్కుమంది. రెండోది టిక్కుమంది. ఐదూ పట్టేశాయి. ముప్ఫై ఏళ్ళ తర్వాత నా గౌనుకు గుండీలు పడ్డాయి. నాకు ఏడుపు ఆగలేదు.

ఆవిడ గౌను అంచు తిరగేసి కుట్టు చూసింది, రెయిలింగు ముడి చూసింది, మళ్ళీ కుట్టు చూసింది. ఫారం తీసి "తయారుచేసినవారు" అన్న చోట కలం ఆనించి, "మీ అమ్మగారి పేరు?" అంది. చెప్పాను. ఇంటిపేరుతో సహా, గట్టిగా. చాలా ఏళ్ళ తర్వాత ఆ పేరు ఒక మనిషి నోట వినపడింది, అదీ నా నోటే.

"వృత్తి?"

"ఏం చేసేది కాదండీ, ఇంట్లోనే ఉండేది" అన్నాడు అన్నయ్య, నీరసంగా.

ఆవిడ తలెత్తి ఆ జలాంతర్గామిని చూసింది, అన్నయ్యను చూసింది. "నమూనాలు చేసేవారు" అని రాసుకుంది.

ఆవిడ వెళ్ళాక ఇల్లు దద్దరిల్లింది. "కారు కాస్తా స్కూటరు చేశావు!" అని మా ఆయన. "నాన్న పరువు తీశావు" అని అన్నయ్య. అన్నయ్యా, నీ చొక్కా గుండీలు ఒక్కటైనా విప్పిందా అమ్మ? నువ్వు బడికి పిన్నీసులతో వెళ్ళావా? అడిగేశాను. "అయినా స్కూటరు కూడా రాదు. ఇది నా వాటాకొచ్చింది, నేను అమ్మడం లేదు" అన్నాను. అన్నయ్య టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. ఆ టీ నేను తాగాను. సాయంత్రం స్క్రూడ్రైవరుతో ఇత్తడి రేకు విప్పి, ఒక కవర్లో పెట్టి అన్నయ్యకు పంపించేశాను. ఆయన వాటా అది.

ఇప్పుడు జలాంతర్గామి మీద గౌను అలాగే ఉంది, ఐదు గుండీలూ పెట్టి. ఆరో మూత ఒక్కటే బయటికి కనపడుతుంది. మొన్న మా ఆయన ఆఫీసువాళ్ళు నలుగురొచ్చారు. షోకేసు ముందు గుమిగూడి, "ఇదేంటండీ, సబ్‌మెరైన్‌కి గౌను తొడిగారు?" అని నవ్వారు. మా ఆయన ఇబ్బందిగా కదిలి, అలవాటు కొద్దీ వంటింటి వైపు కేకేశాడు. "ఏమోయ్, టీ!"

నేను చెయ్యి తుడుచుకుంటూ ముందు గదిలోకొచ్చి, షోకేసు తలుపు తెరిచాను.

"టీ మీరు పెట్టండి," అన్నాను, "ఇది నేను చెబుతాను."