నుయ్యి దిగిన పిల్ల

సబిర్కుల్ మర్నాడు తెల్లవారకముందే గుర్రాల మందతో కొండమీది మేతకు బయల్దేరాలి. పోతే మళ్లీ దిగేది సెప్టెంబరులోనే. ఈలోగా మూడో ముక్క చేతికి రావాలి. రాకపోతే తాడుకు వేలాడుతున్న ఆ ఆడమనిషి ఏమైందో నాలుగు నెలలు తెలియదు.

ముక్క అంటే పుస్తకంలో మూడో వంతు. మంత్రాలూ మాయలోకాలూ, చుక్కల మధ్య తిరిగే ఓడలూ ఉండే కథలు చదివేవాళ్లు ఆత్‌బాషి ఊళ్లో నలుగురే. బిష్కెక్‌కు వ్యాను నడిపే తొలోగోన్ ఏడాదికి రెండు పుస్తకాలు తెస్తాడు. రిటైరైన లెక్కల టీచరు బురుల్చా ముందు మొత్తం చదువుతుంది. తర్వాత తొలోగోన్ ఉన్ని నమ్దాలు కోసే కత్తితో పుస్తకాన్ని మూడుగా కోసి, జీను కుట్టే దారంతో కుట్టి, దాణా గోనెగుడ్డ అట్ట వేస్తాడు. అప్పుడు ఒకరు ముందుకు పోతుంటే వెనక ఇంకొకరు ఎత్తుకోవచ్చు. దారానికి ఒక ముడి ఉంటే మొదటి ముక్క, రెండుంటే రెండోది, మూడుంటే చివరిది.

తర్వాతి ముక్క కావాలంటే చదివినంతవరకు కథ అందరి ముందూ చెప్పాలి. రెండేళ్ల కిందట ఒక గొర్రెలకాపరి వానలో ఒక ముక్కతో పొయ్యి రాజేసుకుని, దిగొచ్చి "చాలా బాగుంది" అన్నాడు. అప్పట్నుంచి టీచరమ్మ పెట్టిన కట్టడి ఇది.

అనార్కుల్ నడిపే పశువుల మందుల దుకాణం వెనకగదిలో మధ్యాహ్నం టీకి నలుగురూ కూర్చున్నారు. పళ్లెంలో వేయించిన పిండిబిళ్లలు, గిన్నెలో మీగడ. సబిర్కుల్ తన రెండు ముక్కలూ గుడ్డలోంచి తీసి బల్లమీద పెట్టాడు. ఒక గిన్నెడు టీ తాగాడు.

"చెప్పవయ్యా. నువ్వేం చదువుతున్నావు ఇప్పుడు?" అంది బురుల్చా, రిజిస్టరు తెరిచి.

"నుయ్యి పుస్తకం."

"సరే. కథ?"

"పిల్ల వాళ్లన్నని చచ్చిన రాజు ఎత్తుకుపోయాడు. రాజుండేది నూతి అడుగున. పిల్ల తాడు కట్టుకుని దిగింది. ఒకటో ముక్క అయిపోయింది."

"బాగుంది. ఆ తర్వాత?"

"దిగింది. అడుగున నేల లేదు. చుక్కలున్నాయి. చుక్కల్లో ఒక ఇనప ఇల్లుంది. ఆ ఇంటికి కోడలైంది."

తొలోగోన్‌కు టీ పొరబోయింది. "కోడలా? పెళ్లెప్పుడైంది బావా, నన్ను పిలవలేదే?"

"నోర్ముయ్ తొలోగోన్," అంది టీచరమ్మ. ఆమె కళ్లజోడు మాత్రం ముక్కుమీదకి జారింది. "ఇనప ఇల్లేంటి సబిర్కుల్?"

"ఓడ లాంటిది. కిటికీలు తెరుచుకోవు. లోపల పదిమంది. ఈ పిల్ల యంత్రాలకి మరలు బిగిస్తుంది."

"కోడలైందని ఎక్కడ రాశాడు?"

"రాయలేదు. తెలుస్తుందిగా."

"ఎలా తెలుస్తుంది?"

సబిర్కుల్ అనార్కుల్ వైపు చూశాడు. ఈ సంగతి ఆడవాళ్లే చెప్పాలి. ఆమె కిందికి చూస్తోంది. తనే చెప్పాడు.

"ఒకటో ముక్కలో అందరికీ పేర్లున్నాయి. రెండోదాంట్లో ఆ పిల్లే చెబుతుంది కథ. ఎవరి పేరూ ఎత్తదు. పెద్దాయన అంటుంది, గడియారాలాయన అంటుంది, పొడుగాయన అంటుంది. పిల్లకీ పేరు మారింది. అత్తగారింట్లో కాకపోతే ఎక్కడ అలా మాట్లాడతారు? మా ఆవిడ మా తమ్ముణ్ణి ఇరవై రెండేళ్లుగా నల్లగుర్రమాయన అంటోంది. వాడి పేరు ఆమె నోట నేనింతవరకు వినలేదు."

బయట దుకాణంలో ఎవరో గంట కొట్టి, మనిషి లేదని వెళ్లిపోయారు.

"పేజీల అంకెలు చూసుకోలేదా?" అంది టీచరమ్మ.

"చూశా. రెండొందల ఎనిమిది తర్వాత రెండొందల పదిహేను. కత్తికి ఆరు పేజీలు పోయాయనుకున్నా. పెళ్లి వాటిల్లో ఉండి ఉంటుంది."

బురుల్చా రెండు ముక్కలూ తీసుకుని వెలుతురులోకి పట్టుకుంది. ఒకదాని కుట్టు ఎర్రదారం, ఇంకోదానిది నల్లదారం.

"తొలోగోన్! నుయ్యి పుస్తకానికి ఎరుపు, ఓడ పుస్తకానికి నలుపు అని చెప్పానా లేదా?"

"చెప్పావక్కా. రెండో ముక్కకి వచ్చేసరికి ఎర్రది అయిపోయింది. ఏముందిలే, దారమేగా అని రెండిటికీ నల్లదే వేశా."

"దారమేగానట! సబిర్కుల్, నువ్వు చదివింది రెండు వేరువేరు పుస్తకాలు. ఆ నూతికీ ఈ ఓడకీ ఏ సంబంధమూ లేదు."

సబిర్కుల్‌కు ఆమె మాటలు వినబడ్డాయి, లోపలికి పోలేదు. అలాంటి సమయంలో గుర్రం జీను పట్టీ తడుముకోవడం అతని అలవాటు. ఇక్కడ జీను లేదు. బల్ల అంచు తడిమాడు.

అప్పుడు అనార్కుల్ నోరు విప్పింది. ఆమె ముఖం మీగడలా పాలిపోయింది.

"అయితే టీచరమ్మా, నాది? నేను ఓడ పుస్తకం మొదటిది చదివి రెండోది తీసుకున్నా. అందులో ఓడ లేదు. పళ్లతోట, చచ్చిన రాజు, ఒక పిల్ల. ఓడ ఎక్కడో దిగిందనుకున్నా. దిగినాక ఓడ మాట ఎవరూ ఎత్తరేంటా అని మూడు వారాలుగా చూస్తున్నా."

"మరి అడగలేదేం?"

"నాకే అర్థం కావట్లేదేమో అనుకున్నా. మీరంతా గొప్పగా ఉందంటిరి."

తొలోగోన్ నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. బురుల్చా తల పట్టుకుంది. కాసేపటికి టీచరుతనం తిరిగొచ్చింది.

"సరే, తేలిక. మీరిద్దరూ రెండో ముక్కలు మార్చుకోండి. సబిర్కుల్, ఇదిగో అసలైన రెండోది. కొండమీద తీరిగ్గా చదువుకో."

అతను చేయి చాపలేదు. "ఇందులో ఆ పిల్ల ఉందా?"

"ఉండేది ఇందులోనే! నూతిలో దిగిన పిల్ల!"

"తాడుకు వేలాడుతోందే, ఆ పిల్ల?"

"అది వేరే మనిషి నాయనా. ఓడ బయట మరమ్మతు చేయబోయి తాడుకు వేలాడింది. ఆమె నూతిలో దిగలేదు. ఆ ఓడలోనే పుట్టింది. వాళ్లమ్మా అక్కడిదే."

"నేను చదివినదాంట్లో వాళ్లమ్మ లేదు."

"మొదటి ముక్కలో ఉంది."

"అది నేను చదవలేదు."

"అదే చెబుతున్నానయ్యా, చదవలేదు కాబట్టే..."

"చదవలేదు కాబట్టి నా వరకు ఆమె అక్కడ పుట్టలేదు," అన్నాడు సబిర్కుల్. అది మొండితనంలా వినబడిందేమోనని తర్వాత మెల్లగా అన్నాడు, "ఒకటో ముక్కలో తాడు కట్టుకుంది టీచరమ్మా. రెండోదాంట్లో తాడు చివరుంది. ఆమెని అక్కడ వదిలేసి పళ్లతోటలోకి ఎలా పోను?"

బురుల్చా రిజిస్టరు చూసింది. సబిర్కుల్ పేరుకెదురుగా ఇప్పుడు చదువుతున్న పుస్తకం రాయాలి. కలం అక్కడే ఆగింది. ముప్ఫై ఆరేళ్లు లెక్కలు చెప్పిన మనిషి, తప్పు లెక్కకు ఒప్పు జవాబు వచ్చినప్పుడు ఎన్ని మార్కులెయ్యాలో ఆమెకెప్పుడూ తేలేది కాదు.

"కట్టడి ప్రకారం నీకు ఏ మూడో ముక్కా రాదు," అంది చివరికి.

"కథ చెప్పాడుగా అక్కా," అన్నాడు తొలోగోన్. "పొయ్యి రాజేసుకున్నవాడు ఇంత చెప్పగలడా?"

"ఇచ్చెయ్యండి టీచరమ్మా," అంది అనార్కుల్. "అన్న చెప్పింది నాకు అర్థమైంది. నేను చదివింది నాకు కాలేదు."

బురుల్చా అలమారా తీసి, నల్లదారంతో మూడు ముళ్లున్న ఓడ పుస్తకం ముక్క తెచ్చి బల్లమీద పెట్టింది. పెట్టాక కూడా చెయ్యి తియ్యలేదు. "ఇది తప్పు సబిర్కుల్. తప్పని చెప్పి మరీ ఇస్తున్నాను."

"అలాగే," అని అతను ముక్కను గుడ్డలో చుట్టుకున్నాడు.

కొండమీద గుడారం లేపి, గుర్రప్పిల్లల్ని కట్టి, ఆడగుర్రాలు పితుకుడుకు అలవాటుపడేసరికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు మొదటి పితుకుడు అయ్యాక సబిర్కుల్ ఎండలో కూర్చుని అట్ట తెరిచాడు. ఆమె ఇంకా తాడుకే ఉంది. ఊపిరి తగ్గిపోతోంది. ఒక మర బిగించాలి, అది తిరగనంటోంది. అప్పుడు ఆమె అనుకుంటుంది: ఇలా బిగించడం నాకు అమ్మ నేర్పింది, ఈ ఓడలోనే, నా చేతిమీద తన చెయ్యి వేసి.

సబిర్కుల్ ఆ వాక్యం దగ్గర ఆగిపోయాడు. టీచరమ్మ చెప్పిందే నిజం. పుస్తకం మోకాలిమీద బోర్లించి చాలాసేపు కొండకేసి చూశాడు. మందలోంచి ఒక గుర్రప్పిల్ల తాడు తెంపుకుని పరుగెత్తినా లేవలేదు.

ఐమోన్‌చోక్ పాలు పోసిన తోలుసంచి చిలుకుతూ మొగుణ్ణి చూసింది. "ఏమైంది? ఒంట్లో బాగోలేదా?"

"ఓడలో వాళ్లమ్మ ఉందట."

కొండెక్కే దారిలో అతను చెప్పగా ఆమె కథంతా వింది. చిలకడం ఆపలేదు. "ఉంటే?"

"ఉంటే ఆమె అక్కడే పుట్టినట్టు. కోడలు కాదు."

"అదేం మాట? అత్తగారై ఉంటుంది. నేను మీ అమ్మని అమ్మా అనక ఇంకేమని పిలిచాను? పాలు పితకడం నాకు నేర్పిందెవరు?"

సబిర్కుల్ పుస్తకం తిప్పి మళ్లీ మొదటి వాక్యం నుంచి చదివాడు. అమ్మ అనే రాసుంది. ఏ అమ్మో రాయలేదు. రెండోసారి చదివితే అత్తగారిలాగే ఉంది. మూడోసారి చదివితే కన్నతల్లిలా ఉంది. పాలకు వేళైందని ఐమోన్‌చోక్ కేకేసింది. ఒక్క నిమిషం అన్నాడు. మర బిగిసిందో లేదో ఇంకా తెలియాలి.