తెల్లెర్వో పేరున్న అంచు

ఈ వసంతానికి కూడా తెల్లెర్వో బొమ్మనే ఎంచుకున్నారు. గుడ్డల మీద బొమ్మలు అచ్చేసే మా కర్మాగారంలో నిన్నగాక మొన్న చేరిన పిల్ల. నేల మీద కాగితం పరిచి, చీపురంత కుంచెతో ఒక్క పూటలో నీలం చక్రాలు గీసి పారేసింది. నేను శీతాకాలమంతా కూర్చుని రోవన్ చెట్టు ఎర్ర గుత్తుల్లో పండు పండూ దిద్దాను. "బాగుంది హిల్కా, కాస్త పాతకాలం వాసన," అన్నాడు యజమాని.

మా గుడ్డ అంచు మీద బొమ్మ గీసినవాళ్ల పేరు అచ్చు వేస్తాం. కర్టెన్లు కుట్టేటప్పుడు ఆ అంచు కత్తిరించడానికి ఎవరికీ చేతులు రావు, పేరు కనపడేలా వదిలేస్తారు. ఇప్పుడు హెల్సింకీలో ఏ కిటికీ చూసినా తెల్లెర్వోయే.

శనివారం అమ్మ ఉండే టాంపెరేకి రైలెక్కాను. అమ్మ వంటింటి కిటికీకి నా మొదటి గుడ్డ, ఎర్ర రోవన్ పండ్లది, ఏళ్ల తరబడి వేలాడుతోంది. నా పేరు ఎవరైనా చదివే చోటు అదొక్కటే మిగిలింది.

తలుపు తీయగానే కిటికీ నిండా నీలం చక్రాలు.

పక్కింటి సైమి కాఫీ తాగుతోంది. "వచ్చావా హిల్కా. నువ్వు గీసిన కొత్త కర్టెను చూడు, వంటిల్లే వెలిగిపోతోంది. మీ అమ్మ మురిసిపోతోందనుకో."

అమ్మ యాలకుల రొట్టె కోస్తూ తలెత్తలేదు.

సైమి వెళ్లాక కర్టెను అంచు తిప్పి చూశాను. పేరున్న భాగం కత్తిరించి ఉంది.

"ఇది నాదని చెప్పావా అమ్మా?"

"అదే అనుకుంది. నేను కాదనలేదు."

"ఇది ఆ తెల్లెర్వోది. నీకు తెలుసు."

"తెలుసు. నచ్చింది, కొనుక్కున్నాను. దానికీ నిన్నడగాలా?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఆ పేరు చూస్తే నువ్వు కుళ్లి చస్తావని అంచు కోసేశానే. పాత గుడ్డల పీలికలతో మగ్గం మీద నేస్తున్న కొత్త తివాచీలో దాన్నీ ఒక పీలికగా నేసేశాను. అదిగో, గుమ్మం దగ్గరుంది. కసితీరా తొక్కు."

వంగి వెతికాను. ఒక పీలిక మడతలో ఆ పేరులోని మొదటి అక్షరాలు కనిపించాయి. మేజోడు కాలు పెట్టి మడమతో గట్టిగా నొక్కాను. దాచుకోవడమెందుకు, హాయిగానే ఉంది. ఇంకో అడుగు వేశాను.

కాలి కింద ఎరుపు. వెలిసిపోయిన నా రోవన్ పండ్లు, తివాచీ ఈ కొస నుంచి ఆ కొస దాకా.

"నీది గట్టి గుడ్డ తల్లీ," అంది అమ్మ. "ఎంత తొక్కినా చిరగదు."