రాహుకాలం రాత నా దగ్గరే ఉంది

ఇలా దగ్గరికొచ్చి కూర్చోండి నాయనా, చెబుతాను. నేను ఒక లాగ్ ఫైలుని. తణుకులో ఒక కల్యాణ మండపం కంప్యూటరులో ఆరేళ్ళ కిందట పుట్టాను. నా పక్కనే బుకింగుల పట్టిక ఉంటుంది. ఏ తేదీ ఎవరిదో చెప్పడం వరకే దాని పని. ఎవరు, ఏ వేళప్పుడు, ఏం రాశారో, ఏం చెరిపారో వరసగా రాసిపెట్టుకునేదాన్ని నేను. నాకు చదువు తక్కువే గాని మరపు లేదు. అయినా మేనేజరు కోదండం గారు నన్ను "చోటు తినే దండగమారిది" అనేవారు. ఒక్కనాడూ తెరిచి చూసిన పాపాన పోలేదు.

ఒక శుక్రవారం పొద్దున్నే పెళ్ళికూతురి తండ్రి అబ్బులు గారు శుభలేఖ పట్టుకుని ఊగిపోతూ వచ్చారు.

"మేం మాట్లాడుకున్న రోజుకి బయట బోర్డు మీద వేరేవాళ్ళ పేరేంటండీ?"

చూస్తే పట్టికలో ఆయన పేరే లేదు. కోదండం గారు టైపిస్టు మంగతాయారు మీదికి లేచారు. "నువ్వే చెరిపేసుంటావ్! రేపట్నుంచి పనిలోకి రాకు."

"నేను ముట్టుకుంటే ఒట్టండి బాబూ! ఈ పని పోతే మా ఇల్లెలా గడుస్తాదండీ?" అని ఆవిడ ఏడ్చేసింది.

కంప్యూటర్లు బాగుచేసే యోహాను అక్కడే ఉన్నాడు. "గొడవెందుకండీ, లాగ్ చూద్దాం," అని నన్ను తెరిచాడు. ఆరేళ్ళకి ఒక మనిషి నన్ను పలకరించాడు! దాచుకోకుండా అంతా చెప్పేశాను. అతను పైకి చదివాడు.

"బుధవారం పన్నెండూ పదికి అబ్బులు గారి పెళ్ళి ఎక్కించారు. ఎక్కించింది... కోదండం గారు, మీరేనండి. ఖరారు నొక్కలేదు. ఒంటిగంటా ఇరవైకి కరెంటు పోయింది. ఖరారు కాని రాత కదా, మళ్ళీ కరెంటు రాగానే మిషనే పట్టికలోంచి తీసేసింది. గురువారం ఆ తేదీ ఖాళీగా కనబడితే ఇంకొకరికిచ్చేశారు."

"నొక్కడానికేమొచ్చిందండీ మీకు?" అన్నారు అబ్బులు గారు.

కోదండం గారు గోడ మీది కేలండరు చూపించారు. "బుధవారం మధ్యాహ్నం రాహుకాలం కదండీ. శుభమా అని పెళ్ళి మాట అప్పుడెలా నొక్కుతాను? ఒంటిగంటన్నర దాటాక నొక్కుదామని భోజనానికెళ్ళాను. వచ్చేసరికి కరెంటు లేదు, ఆనక ఆ మాటే మరిచిపోయాను."

"మా పెళ్ళి శుభంగా జరగాలని అసలు పెళ్ళే లేకుండా చేశారన్నమాట!"

మంగతాయారు కళ్ళు తుడుచుకుంటూనే ఫక్కున నవ్వింది.

అదృష్టం, అవతలివాళ్ళది పొద్దున ముహూర్తం, వీళ్ళది సాయంత్రం. కోదండం గారు ఫోనులో బతిమాలి, మూడింటికల్లా మండపం ఖాళీ చేసేటట్టు వాళ్ళను ఒప్పించారు. తరవాత తన కుర్చీలోంచి లేచారు. "తప్పు నాదేనమ్మా. కూర్చో, నువ్వే ఎక్కించు." ఆవిడ ఎక్కించింది, అప్పటికప్పుడే ఖరారు నొక్కింది. మంగతాయారు, తొమ్మిదీ యాభై అని నేను రాసుకున్నాను.

ఆవిడ చెరపలేదన్న మాట మీరూ గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి నాయనా. నన్ను తెరిచేవాళ్ళు ఆరేళ్ళకొకరు. మీ నోళ్ళు ఎప్పుడూ తెరిచే ఉంటాయి కదా.